సైకిల్ మీద పానకం, ఇంటికొచ్చాక పప్పు

ఆదివారం పొద్దున గండిపేట వైపు వెళ్తే రంగురంగుల జెర్సీలు గుంపులుగా కనిపిస్తాయి. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచాక ఈ గుంపులకు మరో అడ్డా దొరికింది. ఎనిమిదిన్నర అయ్యేసరికి ఆ జెర్సీలన్నీ టిఫిన్ సెంటర్ల ముందుంటాయి. వీళ్లలో చాలామంది తొక్కుతున్నంతసేపూ నోట్లో ఏమీ వేసుకోరు, దిగాక మాత్రం దంచేస్తారు. ఖాళీ కడుపుతో తొక్కితే కొవ్వు కరుగుతుందని ఒక నమ్మకం. తొక్కాం కాబట్టి ఏం తిన్నా చెల్లుతుందని ఇంకో నమ్మకం. ఈ రెండు నమ్మకాలూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తుంటాయి.

ముందు ఖర్చెంతో చూద్దాం. గంటసేపు 100 వాట్ల బలంతో తొక్కితే పెడల్ మీద జరిగే పని 360 కిలోజౌళ్లు. మన కండరాలు వాడుకున్న శక్తిలో నాలుగో వంతు మాత్రమే, చాలాసార్లు అంతకన్నా కాస్త తక్కువే, పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. ఒక కిలోక్యాలరీ (తిండి లెక్కల్లో మనం క్యాలరీ అనేది దీన్నే) అంటే 4.18 కిలోజౌళ్లు. అంటే కిలోజౌళ్లను క్యాలరీల్లోకి మార్చడానికి నాలుగుతో భాగించాలి, వేడిగా పోయినదాన్ని కలపడానికి మళ్లీ నాలుగుతో హెచ్చించాలి. రెండూ కొట్టివేత అయిపోయి, పెడల్ మీద ఎన్ని కిలోజౌళ్లు పెడితే ఒంట్లో సుమారు అన్ని క్యాలరీలే ఖర్చవుతాయి. చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లు 100 వాట్లు కూడా పెట్టరు. 40 కిలోమీటర్లకు వాళ్ల ఖర్చు 600 క్యాలరీల దగ్గర ఆగుతుంది. ప్లేటు పూరీ, ఒక మసాలా దోసె, చక్కెర టీ కలిస్తే ఈ ఖర్చంతా తిరిగొచ్చేసినట్టే. కాబట్టి గంటా రెండు గంటల రైడ్‌కి ప్యాకెట్లలో అమ్మే చక్కెర జెల్లులూ పొడులూ ఏమీ అక్కర్లేదు. రాత్రి తిన్న అన్నమూ సీసాడు నీళ్లూ చాలు.

కథ మారేది మూడో గంటలో. పిండిపదార్థాలను శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు అటూఇటూ. మొత్తం కలిపి 2000 క్యాలరీల సరుకు. కొవ్వుకైతే కొదవ లేదు. పది కిలోల కొవ్వులో 90 వేల క్యాలరీలుంటాయి. కానీ కొవ్వు మెల్లగా మండుతుంది. మామూలు మనిషి ఒంట్లో ఎంత గట్టిగా ప్రయత్నించినా నిమిషానికి అర గ్రాము దగ్గరే ఆగిపోతుంది, అంటే గంటకు 270 క్యాలరీలు. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ కాస్త సరిపోదు, మిగతాది గ్లైకోజెనే ఇవ్వాలి. కాలేయంలోని నిల్వ కరిగిపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చూపు నిలవదు, పక్కనున్నవాడి మీద ఊరికే చిరాకొస్తుంది, చదును రోడ్డు కూడా ఎత్తులా అనిపిస్తుంది. రైడర్లు 'బాంక్ అయ్యాం' అనేది దీన్నే.

ఈ గ్లైకోజెన్ సంగతి బయటపడిన తీరు చెప్పుకోదగ్గది. స్వీడన్ వైద్యుడు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ 1960ల మొదట్లో కండరంలోంచి చిన్న ముక్కను సూదితో తీసే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఆయనా, సహచరుడు ఎరిక్ హల్ట్‌మనూ ఒకే వ్యాయామ సైకిల్‌కు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఒక్కొక్కరూ ఒక్క కాలితోనే తొక్కారు, రెండో కాలికి పూర్తి విశ్రాంతి. తొక్కి తొక్కి ఆ కాలు ఇక కదలనంత అయ్యాక రెండు తొడల్లోంచీ ముక్కలు తీశారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు ఖాళీ, విశ్రాంతి కాలిలో ఉన్నది ఉన్నట్టే. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలే ఎక్కువగా తింటూ మళ్లీ మళ్లీ సూదులు పొడిచి చూసుకున్నారు. తొక్కిన కాలిలో నిల్వ రెండో కాలికి దాదాపు రెట్టింపు అయింది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే రక్తం. శ్రమ చేసిన కండరమే ఎక్కువ దాచుకుంది. 1966లో అచ్చయిన ఈ ప్రయోగంలో పరిశోధకులూ వాళ్లే, సూదిపోట్లు తిన్నదీ వాళ్లే. పెద్ద రైడ్‌కి రెండు మూడు రోజుల ముందు శ్రమ తగ్గించి అన్నం పెంచమని కోచ్‌లు చెప్పడం వెనక ఇలాంటి ప్రయోగాలున్నాయి.

దారిలో తింటే ఏమవుతుందో 1986లో వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్ బృందం చూపించింది. బాగా సాధన చేసిన సైక్లిస్టులు వట్టి తియ్యదనమున్న నీళ్లు తాగి గట్టి వేగంతో తొక్కితే మూడు గంటలకు చేతులెత్తేశారు. పిండిపదార్థం కలిపిన నీళ్లు తాగినప్పుడు నాలుగు గంటలు నిలిచారు. చిత్రమేమిటంటే వాళ్ల కండరాల్లో గ్లైకోజెన్ మాత్రం ఏమీ పొదుపు కాలేదు. చివరి గంటలో వాడుకున్న పిండిపదార్థం ఎక్కువగా రక్తంలోని చక్కెర నుంచే వచ్చింది.

మనింట్లో చక్కెర అంటేనే భయం. తెల్లన్నం అన్నా అంతే. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. కానీ సోఫాలో కూర్చుని తాగిన షర్బత్, సైకిల్ మీద తాగిన షర్బత్ ఒంట్లో ఒకే దారిన పోవు. కూర్చున్నప్పుడు చక్కెర కండరంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. తొక్కుతున్నప్పుడు కండరం ముడుచుకోవడంతోనే గ్లూకోజ్‌ను లోపలికి లాగే ప్రొటీన్లు కణం పైపొరకు వచ్చేస్తాయి, ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడవు. వచ్చిన చక్కెర వచ్చినట్టే మండిపోతుంది. ఇక ఇంట్లో మంచివని మెచ్చుకునే మొలకలు, ఓట్స్, గుప్పెడు బాదంపప్పులు సీటు మీద ఇబ్బంది పెడతాయి. పీచు, కొవ్వు కడుపులోంచి త్వరగా దిగవు. పైగా గట్టిగా తొక్కేటప్పుడు రక్తం కాళ్లకు మళ్లి పేగులకు తగ్గుతుంది. ఘాట్ రోడ్డు మీద కడుపుబ్బరం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. సైకిల్ మీద ఉన్న ఆ కొన్ని గంటలు మాత్రం మంచి తిండి, చెడ్డ తిండి అనే జాబితా తలకిందులవుతుంది. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

మధుమేహానికి మందులు వాడేవాళ్లకు ఇక్కడ వేరే మాట చెప్పాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే అసలు ప్రమాదం రైడ్‌లో చక్కెర పడిపోవడం. రైడ్ అయిన చాలా గంటలకు, ఒక్కోసారి రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. మోతాదు సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి, జేబులో గ్లూకోజ్ ఉండాలి, ఒంటరిగా దూరం వెళ్లకూడదు.

మరి ఎంత తినాలి? రెండు గంటలు దాటే రైడ్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాములుంటాయి, నాలుగు చిన్న ఖర్జూరాల్లోనూ దాదాపు అంతే. అరవై దగ్గర ఎందుకు ఆగుతామన్నది ఆసక్తికరమైన సంగతి. చిన్నపేగు గోడలో గ్లూకోజ్‌ను లోపలికి పంపే ద్వారం ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీన్. అది గంటకు 60 గ్రాములకు మించి పంపలేదు. ఫ్రక్టోజ్‌కు (పండ్లలో ఉండే మరో రకం చక్కెర) వేరే ద్వారం ఉంది, పేరు గ్లుట్5. రెండు రకాలూ కలిపి ఇస్తే గంటకు 90 గ్రాముల వరకు వాడుకోవచ్చని క్రీడా పోషణ శాస్త్రవేత్త అస్కర్ యూకెన్‌డ్రుప్ బృందం 2000ల్లో వరుసగా చూపించింది. ఖరీదైన జెల్లుల ప్యాకెట్ మీద కనిపించే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ నిష్పత్తుల గొడవంతా ఈ రెండు ద్వారాల కోసమే. మన పంచదార అణువులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే. అంటే శ్రీరామనవమి పానకంలో చిటికెడు ఉప్పు పడితే అది రెండు ద్వారాలకూ సరిపడే పానీయం. లీటరు నీళ్లకు 60 గ్రాముల బెల్లం లేదా పంచదార, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. ఇంతకన్నా మరీ చిక్కగా కలిపితే కడుపులోంచి మెల్లగా దిగుతుంది.

ఉప్పు రుచి కోసం మాత్రమే అనుకోకండి. ఎస్‌జీఎల్‌టీ1 గ్లూకోజ్‌ను ఒంటరిగా పోనివ్వదు, ఒక్కో గ్లూకోజ్‌తో రెండు సోడియం అయాన్లను కూడా తీసుకెళ్తుంది, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ఈ జోడీ ప్రయాణాన్ని 1960లో ప్రతిపాదించాడు. 1971లో పశ్చిమ బెంగాల్ బనగావ్ దగ్గరి బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభిస్తే, సెలైన్ సీసాలు చాలక వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడింది కూడా ఈ సూత్రంతోనే. అయితే ఓఆర్‌ఎస్ వేరు, రైడ్ పానీయం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే. నీళ్లు, లవణాలు తిరిగి రావడానికి అది చాలు, తొక్కే శక్తికి చాలదు. ఇక ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మిన డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి ఆ చక్కెర హాని చేస్తుంది. అంత చక్కెర అవసరమయ్యేది వంద కిలోమీటర్ల రైడ్‌లో ఉన్న మనిషికే.

నీళ్ల విషయంలో విశాఖ, హైదరాబాద్ ఒకటి కావు. ఒక లీటరు చెమట ఆవిరైతే 580 క్యాలరీల వేడిని మోసుకుపోతుంది. భీమిలి రోడ్డులో సముద్రపు తేమకు చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది, చల్లబరచదు. అందుకే అక్కడ ఎక్కువ కారుతుంది, ఫలితం తక్కువ. ఎంత పోతోందో తెలియాలంటే రైడ్‌కి ముందూ వెనకా బరువు చూసుకోవాలి. తాగిన నీళ్లు లెక్కవేసి, తగ్గిన ప్రతి కిలోకూ ఒక లీటరు అనుకోవచ్చు. భయంతో వట్టి నీళ్లు లీటర్ల కొద్దీ పోసేసుకోవడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులతో మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. దాహాన్ని బట్టి తాగడమే చాలామందికి సరైన దారి.

బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన సుదూర రైడ్లు, తొక్కేవాళ్లకు తిండి మరీ పెద్ద విషయం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు, 600కి 40 గంటలు. అంతసేపు తియ్యటివే తింటే నాలుక తిరగబడుతుంది. టూర్ డి ఫ్రాన్స్ జట్ల వంటవాళ్లు కూడా తెల్లన్నాన్ని మెత్తగా వండి, అచ్చుగా ఒత్తి, ముక్కలు కోసి, ఫాయిల్‌లో చుట్టి రైడర్ల జేబుల్లో పెడుతున్నారు. మనకు ఇడ్లీ ఉండనే ఉంది. చట్నీ లేకుండా, కాస్త ఉప్పూ పంచదార అద్ది కాగితంలో చుడితే జేబులో బాగానే ఉంటుంది. కారప్పొడి వద్దు, మధ్యాహ్నానికి గుండెల్లో మంట ఖాయం. పులిహోరలో నూనె, పల్లీలు ఉంటాయి కాబట్టి కంట్రోల్ పాయింట్ (దారిలో హాజరు వేయించుకునే చోటు) దగ్గర కూర్చుని తినడానికే బాగుంటుంది. పెరుగన్నం దివ్యంగా ఉంటుంది గానీ ఏప్రిల్ ఎండలో జేబులో నాలుగు గంటలు పెడితే అది మనల్ని తింటుంది.

సైకిల్ దిగాక మళ్లీ మామూలు లోకం. అక్కడ బెల్లం, పంచదార తగ్గాలి, పప్పు పెరగాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. మన కంచాల్లో అన్నం గుట్టా, పక్కన పలుచని చారూ చూస్తే ఎంత దూరంలో ఉన్నామో అర్థమవుతుంది. క్రమం తప్పకుండా తొక్కేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 80 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6 లేదా 7. ముద్దపప్పు, పెరుగు, శనగలు, చేపలు పూటపూటకీ పంచుకుంటే తప్ప అంత రాదు. ఒక్క ఆదివారం బిర్యానీతో తీరే లెక్క కాదిది.

ఇంకో సంగతి, పేగు కూడా సాధనకు లొంగుతుంది. కొన్ని వారాలు తొక్కుతూ తినడం అలవాటు చేస్తే కడుపు త్వరగా ఖాళీ అవుతుంది, గ్లూకోజ్ ద్వారాలూ పెరుగుతాయి. అందుకే బ్రెవే రోజు ఏం తినాలనుకుంటున్నారో, ఏ గంటకు తినాలనుకుంటున్నారో, అదే నెల రోజుల ముందు నుంచి ఆదివారం రైడ్లలో తినాలి. స్టార్ట్ లైన్ దగ్గర పక్కవాడు ఇచ్చిన కొత్త జెల్‌ని మాత్రం జేబులో పెట్టుకుని థాంక్స్ చెప్పండి.