బోరు నీళ్ళు, పేపరు వార్త, మీ గోడపత్రిక

పొదిలి నుంచి,

ఏం అబ్బయ్యా, ఏమ్మా, అందరూ బాగున్నారా.

మీ సైన్సు మేడం ఫోన్ చేసి, తొమ్మిదో క్లాసు పిల్లలు ఊరి నీళ్ళ మీద గోడపత్రిక పెడతా వుండారు, మీరు అన్నేళ్ళు విలేకరిగా చేశారు గదా వాళ్ళకి ఒక ఉత్తరం రాసియ్యండి అన్నది. మీ డ్రాఫ్టు కూడా వాట్సాప్‌లో పంపించింది, చదివాను. పైన "ప్రాణాలు తీస్తున్న ఫ్లోరైడ్ భూతం" అని పెద్ద హెడ్డింగు, కింద నడుం వంగిపోయిన ఒక ముసలాయన ఫొటో, దాని కింద "శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నారు" అని. యాడి శాస్త్రవేత్తలురా? పేరేంది? ఏ బోరులో ఎంత వుందని చెప్పారు? ఆ ముక్క ఒక్కటీ లేదు. మిమ్మల్ని అనేం లాభంలే, మా పేపర్లలో ఎన్నో ఏళ్ళ నించి ఇదే హెడ్డింగు నడస్తా వుంది, మీరు దాన్ని చూసే నేర్చుకున్నారు. నాకు మాత్రం ఆ భూతం అనే మాట చూస్తే వొళ్ళు మండుద్ది. భూతం అంటే ఇంక మనం చేసేదేం లేదు, దణ్ణం పెట్టుకుని కూర్చోటమే. ఫ్లోరైడ్ అట్టా కాదు, కొలిస్తే దొరికిపోయేది.

సరే, నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బుని ఫ్లోరోసిస్ అంటారు, అసలు ఇది మన దేశంలో ఎట్టా బయటపడిందో తెలుసా మీకు? 1930ల మొదట్లో ముందుగా పసిగట్టింది రైతులు. మంచి వయసులో వున్న ఎద్దు, మేత బాగానే తింటాది, కానీ కీళ్ళు బిగుసుకుపోయి అడుగెయ్యలేదు, కాడి కిందకి రమ్మంటే రాలేదు. అట్టా ఒకటి కాదు రెండు కాదు. కొన్నేళ్ళకి అదే బాధ మనుషుల్లో కనపడింది, మెడ తిరగదు, నడుం వంగితే లేవదు. అప్పుడు మద్రాసు గిండీలో వుండే కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు ఈ పక్క మీద పని చేసి, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం వేశారు, మన దేశంలో ఫ్లోరోసిస్ అని తేల్చి చెప్పిన మొదటి వ్యాసం అదే. దాని పేరులోనే నెల్లూరు జిల్లా అని వుంటది. మీరు ప్రకాశం ప్రకాశం అంటారు గానీ అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లానే, 1970లో ఒంగోలు జిల్లా అని విడదీసి 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఆ ముగ్గురూ ఆషామాషీ మనుషులు కాదు, షార్ట్ అనే ఆయన తర్వాత 1948లో గార్న్‌హామ్ అనే ఇంకో ఆయనతో కలిసి మలేరియా క్రిమి మనిషి లివర్లో దాక్కునే దశని కనిపెట్టాడు, పండిట్ గారు ఐసీఎంఆర్ మొదటి డైరెక్టరు అయ్యారు, అంటే కోవిడ్ టైములో రోజూ టీవీలో విన్నారే, ఆ ఐసీఎంఆర్.

అమెరికాలో కూడా ఇదే కథ. కొలరాడోలో మెకే అనే పళ్ళ డాక్టరు 1901లో ప్రాక్టీసు పెడితే అక్కడి పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, దాని వెనకాల పడి పడి, చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ కెమిస్టు నీళ్ళు పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ అని తేలింది. ముప్పై ఏళ్ళు పట్టింది. మనకి ఆ తర్వాత ఆరేళ్ళకే తెలిసిపోయింది చూడండి, అంటే సైన్సు మన దగ్గరికి రావటంలో ఆలస్యం ఏమీ జరగలా.

ఆలస్యం జరిగింది యాడంటే, గిండీ నించి మన బావి గట్టు దాకా రావటంలో. ఆ వ్యాసం ఇంగ్లీషులో, డాక్టర్లు చదివే పత్రికలో వచ్చింది. దర్శి పక్క బావిలో చేద వేసే ఆడమనిషి దాన్ని చదవదు గదా. ఎద్దు సంగతి రైతు నించి డాక్టరు దాకా పోయింది, జవాబు మాత్రం రైతు దాకా తిరిగి రాలా. నేను విలేకరిగా చేరేప్పటికి కూడా మా మండలంలో సగం మంది అది వాతం అనే అనుకునేవాళ్ళు, ముసలితనం అనుకునేవాళ్ళు, లేదంటే కర్మ.

ఇట్టా మధ్యలో తెగిపోయిన దారిని కలిపే పనికి కూడా ఒక చదువు వుంది, డెవలప్‌మెంట్ కమ్యూనికేషన్ అంటారు. ఫిలిప్పీన్స్‌లో లాస్ బానోస్ అనే చోట వ్యవసాయ కాలేజీలో పనిచేసిన నోరా కెబ్రాల్ అనే ఆమె 1971లో దానికి ఆ పేరు పెట్టింది. మన దేశంలో 1975 ఆగస్టు నించి ఏడాది పాటు సైట్ అని ఒక ప్రయోగం చేశారు, అమెరికా వాళ్ళ ఉపగ్రహం ఒకటి వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్ళలో టీవీలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి వాళ్ళ భాషల్లోనే చూపించారు, మన రాష్ట్రం కూడా అందులో వుంది, తెలుగులో వచ్చేవి. గొప్ప పనే, కాదనను. కాకపోతే టీవీ చెప్తాది మనం వింటాం, మనం చెప్పింది టీవీ వినదు. నా లెక్కలో అంతవరకు సగం పనే.

మిగతా సగం ఎట్టా వుంటదో మన పక్కనే జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత అని రాత్రి బళ్ళు పెట్టారు. వాచకంలో ఒక పాఠం, మొగుడు సారా తాగి సంపాదనంతా తగలేస్తే ఇంట్లో ఆడమనిషి పడే అగచాట్లు. అక్షరాలు నేర్పటానికి పెట్టిన పాఠం అది. దూబగుంటలో ఆడోళ్ళు దాన్ని చదివి ఊరుకోలా, ఇది మన ఇంటి కథే గదా అని మాట్లాడుకున్నారు, రోశమ్మ గారు ముందు నడిచారు, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. తర్వాత వచ్చిన వాచకంలో ఆ దూబగుంట సంగతే పాఠం అయి కూర్చుంది, దాన్ని చదివి ఇంకో ఊరు, దాన్ని చూసి మరో ఊరు, పేపర్లు రోజూ రాశాయి, చివరికి 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాఠం ఊళ్ళోకి పోయింది, ఊరు పాఠంలోకి వచ్చింది. నేను చూసినంతలో ఇంత బాగా జరిగింది ఇంకోటి లేదు.

ఇప్పుడు బాగా జరగంది ఒకటి చెప్తా. మా పక్కన ఒక ఊళ్ళో చేతిపంపుకి ఎర్ర రంగు పూసి పోయారు, ఫ్లోరైడ్ ఎక్కువుంది తాగొద్దని గుర్తు. పూసినోళ్ళు ఎవరికీ ఏమీ చెప్పలా. నేను పోయి అడిగితే ఒకామె, రంగు పోయింది గదా కొత్తది వేశారు అన్నది. ఇంకొకామెకి సంగతి తెలుసు, తెలిసే తాగుతా వుంది, ఎందుకంటే ఆ నీళ్ళు తియ్యగా వుంటాయి, మంచి నీళ్ళ ట్యాంకు ఊరి అవతల వుంది, మోకాళ్ళ నొప్పితో బిందె నెత్తినబెట్టుకుని అంత దూరం నేను పోలేను అన్నది. ఆ మోకాళ్ళ నొప్పి ఆ నీళ్ళ వల్లే కావచ్చు, ఏం చెప్తాం ఆమెకి. చూశారా, అక్కడ లేంది సమాచారం ఒక్కటే కాదు, కుళాయి. ఆ రోజు నేను వార్త రాసేప్పుడు ఎర్ర రంగు గురించి రెండు లైన్లు రాసి, ట్యాంకు ఎంత దూరమో, పైపు ఎందుకు రాలేదో మిగతా అంతా రాశా. ఆ లైన్లే ఆఫీసోళ్ళకి గుచ్చుకునేవి.

ఇంకోటి మీకు బాగా గుర్తుండేది, 2021 మే నెల, సెకండ్ వేవ్, కృష్ణపట్నం ఆనందయ్య గారు కోవిడ్‌కి అని ఇచ్చిన నాటు మందు. ఆసుపత్రుల్లో బెడ్లు లేవు, ఆక్సిజన్ లేదు, జనం యాడికి పోతారు పాపం, ముత్తుకూరు రోడ్డంతా కార్లు, అంబులెన్సులు. ఆయన డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు, దాని మీద నాకేం పేచీ లేదు. నా పేచీ మా విలేకర్లతోనే. కంట్లో చుక్కలు వెయ్యంగానే ఆక్సిజన్ పెరిగిందని ఒకాయన మైకులో చెప్తే అదే పొద్దస్తమానం తిప్పారు. ఎంతమంది వేసుకున్నారు, ఎంతమందికి తగ్గింది, వేసుకోకుండా ఇంటి దగ్గరుండి తగ్గినోళ్ళు ఎంతమంది, ఎవరన్నా లెక్క రాశారా, ఈ ప్రశ్న అడిగినోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత ఆయుర్వేద పరిశోధన వాళ్ళు చూసి హాని లేదన్నారు, కోవిడ్ తగ్గిస్తాదని మాత్రం తేలలా, మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోమన్నది. హాని లేదు అనేది వేరు, పనిచేస్తాది అనేది వేరు, మన పేపర్లలో ఆ రెండూ ఒకటైపొయ్యాయి. సైంటిస్టులది కూడా తప్పుంది, ఫోన్ చేస్తే మెయిల్ పెట్టండి అంటారు, మెయిల్ పెడితే పై నించి పర్మిషన్ రావాలంటారు, ఈ లోపల మైకు ముందు ఎవరు నిలబడితే వాళ్ళ మాటే నిలబడుద్ది.

అదే తుపాను వార్త చూడండి, ఎంత మారిపోయిందో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన చేపలోళ్ళకి ముందే తెలుసు, గాలి ఎంత వేగం, ఎప్పుడు, యాడ దాటుద్ది, మనం ఏం చెయ్యాలి. నాలుగు సంగతులు. మీ ఫ్లోరైడ్ వార్తలో కూడా ఆ నాలుగూ వుండాలంతే.

కాబట్టి మీ పని ఇదీ. ముందు ఊళ్ళో తాగే బోర్లన్నిటికీ మ్యాపు గీయండి. గ్లాసు సీసాలు వద్దు, ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి, ఫ్లోరైడ్‌కి అవే వాడతారు. చేతిపంపు అయితే కొంచేపు కొట్టి నిలవున్న నీళ్ళు పోనిచ్చి, అవే నీళ్ళతో సీసా రెండు మూడు సార్లు కడిగి అప్పుడు పట్టండి, మీద ఏ బోరు, ఏ తేదీ, ఎన్ని గంటలకి అని రాయండి. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ పథకం కింద ఊరికి అయిదుగురు ఆడోళ్ళకి నీళ్ళు పరీక్ష చెయ్యటం నేర్పించాలని రూలు, కిట్టు ఎవరి దగ్గరుందో పంచాయతీలో కనుక్కోండి. నీళ్ళల్లో కిట్టులో వుండే మందు కలిపినాక గులాబీ రంగు పసుపు వైపు ఎంత తిరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ, పక్కనే రంగుల కార్డు వుంటది, పోల్చి చూసుకోవాలి. అది అంచనా మాత్రమే, గోడ మీద ల్యాబ్ అంకె వచ్చినాకే రాయండి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా పర్లేదు, ఆ పైన తాగకూడదు, ఈ ముక్క పెద్దక్షరాలతో రాయండి. కాగబెడితే పోద్ది అని మీ ఇళ్ళల్లో అనుకుంటా వుంటారు, పోదు, నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది.

ఇంకో సంగతి అడగండి, మీ అమ్మమ్మల్ని, మీ అత్తల్ని. పళ్ళ మీద మచ్చలు చిన్నప్పుడు పన్ను లోపల తయారయ్యేటప్పుడు పడేవి, ఎనిమిదేళ్ళు దాటినాక ఫ్లోరైడ్ లేని వేరే ఊరి నించి కోడలుగా వచ్చినామెకి ఆ మచ్చలు రావు. మీ ఊళ్ళో పుట్టినోళ్ళు, వేరే చోట నించి వచ్చినోళ్ళు, రెండు జాబితాలు రాసి చూడండి. ఎవరి పేర్లూ గోడ మీద వెయ్యొద్దు, పెళ్ళి కావాల్సిన పిల్లలుంటారు, పళ్ళు చూసి సంబంధాలు వెనక్కిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ ముసలాయన ఫొటో కూడా తీసేయండి, ఆయన్ని అడిగారా అసలు?

ల్యాబ్‌లో సారుతో మాట్లాడేప్పుడు ప్రశ్నలు ముందే రాసుకుని పోండి, ఆయన చెప్పింది మీకు అర్థమైనట్టు తిరిగి ఆయనకే చెప్పండి, తప్పుంటే అక్కడే దిద్దుతాడు. ఊరోళ్ళ ప్రశ్నలు కూడా పట్టుకపోండి, మా గేదెలు ఈ నీళ్ళు తాగొచ్చా అని ఎవరన్నా అడిగితే అది తమాషా ప్రశ్న అనుకోబాకండి, 1930ల్లో మొదలైంది ఎద్దు దగ్గరే.

వచ్చే మంగళవారం నేను ఒంగోలు పోతా వుండా, గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్ దారిలోనే. సోమవారం సాయంత్రానికి సీసాలు మేడం దగ్గర పెట్టండి, మూతలు గట్టిగా బిగించి, కిందటి సారిలాగా బ్యాగులో ఒలికిస్తే నేను మొయ్యను. హెడ్డింగు మార్చి కొత్త డ్రాఫ్టు ఆదివారం లోపల పంపండి, కొత్త హెడ్డింగులో ఒక బోరు పేరు, ఒక అంకె వుంటే చాలు.

మీ తాత