కంటోన్మెంట్ బంగళా: ఇల్లు మీదే, మరి నేల?

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పాత బంగళాల కాగితాలు పరిశీలించడం నా వృత్తి. వచ్చినవారు సంచి విప్పకముందే అనే మాట ఒకటుంది: "తాతల నాటి ఇల్లండీ, టైటిల్‌కు ఢోకా లేదు."

అపోహ: నాలుగు తరాలుగా ఉంటున్నాం, పన్ను కడుతున్నాం, రిజిస్ట్రేషన్ కూడా అయింది. కాబట్టి స్థలం మాదే.

వాస్తవం: ఓల్డ్ గ్రాంట్ బంగళా అయితే కాదు. కట్టడం మీది, నేల కేంద్ర ప్రభుత్వానిది. సైనికాధికారులకు వసతి కావాలని ఈస్టిండియా కంపెనీ రోజుల్లో స్థలం చూపించి ఇళ్లు కట్టుకోనిచ్చారు, అంతేగాని భూమి రాసివ్వలేదు. బెంగాల్ సైన్యపు కంటోన్మెంట్ల కోసం 1836 సెప్టెంబరు 12న వెలువడిన గవర్నర్ జనరల్ 179వ నంబరు ఉత్తర్వు చదవండి. స్థలం అమ్మే హక్కు లేదు. ప్రభుత్వం నెల రోజుల నోటీసిచ్చి, అనుమతితో కట్టినదానికి విలువ చెల్లించి, స్థలం వెనక్కి తీసుకోవచ్చు. ఓల్డ్ గ్రాంట్ అంటే సారాంశం ఇదే.

పన్ను రసీదు పన్ను కట్టారని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, అదీ అంతే. అమ్మినవారికి లేని హక్కును సబ్‌రిజిస్ట్రార్ ముద్ర కొన్నవారికి తెచ్చిపెట్టదు. ముందు చూడవలసింది జీఎల్ఆర్, అంటే కంటోన్మెంట్ భూముల రిజిస్టరు (జనరల్ ల్యాండ్ రిజిస్టర్). అందులో వర్గం బీ-3 (ఓల్డ్ గ్రాంట్ భూముల వర్గం) అని, భూమి యజమాని గడిలో భారత ప్రభుత్వం అని ఉండి, మీ తాతగారి పేరు హెచ్ఓఆర్ (హోల్డర్ ఆఫ్ ఆక్యుపెన్సీ రైట్స్) గడిలో కనిపిస్తే ఆయనకున్నది అనుభవ హక్కే. అలాగని కంటోన్మెంట్‌లో ఉన్నదంతా ఓల్డ్ గ్రాంట్ కాదు. లీజులున్నాయి, సొంత పట్టా భూములూ ఉన్నాయి. అందుకే పుకార్లు కాదు, నకలు కావాలి.

రిటైరైన ఇంజనీరు ఒకాయన ఆవరణనంతా గజాల లెక్కన బేరం పెట్టి, బిల్డరు ఇచ్చిన అడ్వాన్సుతో కూతురి పెళ్లి చేశారు. జీఎల్ఆర్ నకలు తెప్పించింది ఆ తర్వాత. బిల్డరు అడ్వాన్సు వడ్డీతో సహా తిరిగి అడిగాడు. ఈ ఒక్క కాగితం ముందే చూడమని చెప్పినవారు ఆయన చుట్టూ ఎవరూ లేరు, సలహాలిచ్చినవారు మాత్రం బోలెడు మంది.

దీనికి వ్యతిరేకమైన భయమూ ఉంది. భర్త పోయిన ఒక పెద్దావిడతో దళారి ఎవరో అన్నాడట, "రేపో మాపో మిలిటరీ వాళ్లు వచ్చి ఖాళీ చేయిస్తారు, వచ్చినకాడికి అమ్మేయండి" అని. ఆవిడకు నిద్ర లేదు. అమ్మా, రాత్రికి రాత్రి ఎవరూ రారు. నోటీసు ఇవ్వాలి, కట్టడానికి విలువ కట్టాలి, దాని మీద మీరు కోర్టుకు వెళ్లవచ్చు. వారసులుగా పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోండి, అనుమతి లేకుండా కొత్త గది మాత్రం వేయకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "అన్నీ దొరలు కట్టినవే" అంటారు. పార్శీలు, మొదలియార్లు సొంత డబ్బుతో కట్టించి అధికారులకు అద్దెకిచ్చిన బంగళాలూ ఉన్నాయి. గేటు మీది పేరు యజమానిదే కానక్కరలేదు, అద్దెకున్న కల్నలుది కావచ్చు. బంగళా కింద నుంచి గోల్కొండకు సొరంగం ఉందంటారా? నాకు చూపించినవన్నీ వాననీటి కాలువలే. ఇక చర్చిల్. ఆయన కొలువు బెంగళూరులో, ఇటు వచ్చింది పోలో ఆడటానికి. ఊళ్లో ప్రతి వరండాలోనూ ఆయన టీ తాగాడంటే నేను నమ్మను. బెంగళూరు క్లబ్బు పద్దులో ఆయన పేరిట 13 రూపాయల రాని బాకీ ఉన్న మాట మాత్రం నిజం.