గొడుగుకి అడ్రసు ఎక్కడిది? ఘనాలో మోమో ఏజెంట్ల వెనక కథ

ఘనాలో మోమో అంటే మొబైల్ మనీ, ఫోను నంబరే ఖాతాగా డబ్బు దాచుకుని పంపుకునే పద్ధతి. నోట్లు తీసుకుని ఫోనులో వేసేది, ఫోనులోంచి తీసి నోట్లిచ్చేది ఏజెంటు. రాజధాని అక్రాలో మదీనా మార్కెట్ దగ్గర ట్రోట్రో అనే షేర్ వ్యాను దిగి, "ఇక్కడ మోమో ఎక్కడుంది?" అని అడిగితే వీధి పేరు ఎవరూ చెప్పరు. బంకు దాటాక ఎడమ చేతి వైపు, వేయించిన అరటిముక్కలు అమ్మే ఆవిడ పక్కన, పసుపు గొడుగు అంటారు. నాలుగడుగులు వేస్తే ఆ గొడుగు కనిపిస్తుంది. అంతకు ముందే మరో రెండు తగిలినా ఆశ్చర్యం లేదు. అదే పని కాగితం మీద చేద్దామని, ఫలానా పేటలో ఏజెంట్లు ఎవరెవరు, ఎక్కడ కూర్చుంటారు అని జాబితాలు వెతకబోతే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. పేరు ఉంటుంది, ఆ పేరున్న మనిషి అక్కడ ఉండడు. నంబరు ఉంటుంది, అది ఇంకొకరి చేతిలో మోగుతుంది.

సందుకొకరు కూర్చుని ఉన్నా జాబితాకు చిక్కరు. ఈ తిరకాసు అర్థం కావాలంటే మొబైల్ మనీ పుట్టక ముందుకే వెళ్లాలి.

ఘనాలో సుసు అని ఒక పాత పద్ధతి ఉంది. మన టౌన్లలో పిగ్మీ ఏజెంటు కొట్టు కొట్టుకీ తిరిగి రోజూ యాభయ్యో వందో వసూలు చేసుకుపోతాడు చూడండి, దానికి దగ్గర చుట్టం. కాకపోతే పిగ్మీ ఏజెంటు వెనకాల బ్యాంకో సొసైటీయో ఉంటుంది, సుసు కలెక్టరు చాలాసార్లు ఒంటరివాడు. నెల పొడుగునా రోజుకింత అని పట్టుకెళ్లి, నెలాఖరున మొత్తం తెచ్చి చేతిలో పెడతాడు. అందులో ఒక్క రోజు కట్టిన సొమ్ము తన కూలిగా మినహాయించుకుంటాడు. వడ్డీ మాట లేదు. చేపలమ్మే ఆవిడకు అతని ఆఫీసు ఎక్కడో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. పొద్దున్నే అతనే బుట్ట దగ్గరికి వస్తాడు. డబ్బు దాచడమంటే ఒక చోటుకి వెళ్లడం కాదు, ఒక మనిషి ఎదురుపడడం. ఇప్పటి మోమో ఏజెంటు కూర్చున్నది ఈ అలవాటు మీదే అని నాకు అనిపిస్తుంది.

డబ్బు పంపడమూ అలాగే ఉండేది. ఉత్తర ఘనా నుంచి అక్రా, కుమాసీ మార్కెట్లకు వచ్చి తలల మీద బరువులు మోసే ఆడపిల్లలను కయాయే అంటారు. వాళ్లు ఊరికి పైసలు పంపాలంటే టమాలే వైపు వెళ్లే బస్సు డ్రైవరు చేతిలో కవరు పెట్టాలి, లేదా ఊరికి వెళ్లే బంధువు కోసం కాచుకోవాలి. కవరు చేరేది, చేరకపోయేది కూడా.

ఇక గొడుగు సంగతి. ఘనాలో గొడుగు మొబైల్ మనీ కంటే వయసులో పెద్దది. 1996లో స్పేస్‌ఫోన్ పేరుతో మొబైల్ సర్వీసు మొదలైంది. ఆ కంపెనీయే తర్వాత అరీబా అయింది, 2007లో ఎంటీఎన్ అయింది. సొంత ఫోను కొనలేని రోజుల్లో రోడ్డు పక్కన ఒక బల్ల, ఒక గొడుగు, ఒక మొబైల్ పెట్టుకుని నిమిషానికింత అని మాట్లాడనిచ్చేవారు. దానికి 'స్పేస్ టు స్పేస్' అని పేరు పడింది. మన ఎస్టీడీ బూత్‌లోంచి అద్దాల గది తీసేస్తే మిగిలేది అదే. ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చాక అదే బల్ల మీద రీచార్జి కార్డులు వచ్చాయి. 2009 జూలైలో ఎంటీఎన్ మొబైల్ మనీ మొదలుపెట్టేసరికి కొత్తగా దుకాణాలు తెరవాల్సిన పని లేకపోయింది. గొడుగు అప్పటికే నిలబడి ఉంది, కింద మనిషి కూర్చుని ఉన్నాడు, సరుకు ఒక్కటే మారింది.

అయినా తొలి ఐదారేళ్లు బండి కదలలేదు. కారణం నిబంధనల్లో ఉంది. దేశ కేంద్ర బ్యాంకు బ్యాంక్ ఆఫ్ ఘనా 2008లో శాఖలు లేని బ్యాంకింగ్‌కి మార్గదర్శకాలు ఇస్తూ పగ్గాలు బ్యాంకుల చేతిలో పెట్టింది. ఎన్ని బ్యాంకులైనా ఎన్ని ఫోను కంపెనీలతోనైనా కలిసి నడపాలన్నది దాని ఉద్దేశం. చెప్పుకోవడానికి బాగానే ఉంది కానీ, ఉమ్మడి పొలానికి ఎరువు ఎవరు వేస్తారు? ఏజెంటుకు శిక్షణ ఇచ్చి, ఊరూరా తిరిగి, గొడుగు కొనిపెట్టే ఖర్చు ఒకరు పెడితే లాభం అందరూ పంచుకుంటారు. అదే 2008లో వచ్చిన ఈ-జ్విచ్ అనే, వేలిముద్రతో డబ్బు చెల్లించే కార్డు కూడా జనాన్ని ఊరించింది తప్ప బజారుని పట్టలేకపోయింది. 2012 నాటికి దేశం మొత్తం మీద రిజిస్టరైన మొబైల్ మనీ ఏజెంట్లు తొమ్మిది వేల లోపే.

2015 జూలైలో నిబంధనలు మార్చారు. ఫోను కంపెనీలు తమ అనుబంధ సంస్థల ద్వారా సొంతంగా ఈ-మనీ నడుపుకోవచ్చన్నారు. ఏజెంట్ల కోసం విడిగా ఒక పత్రమే ఇచ్చారు. వాలెట్లలో, అంటే ఫోను ఖాతాల్లో, పడి ఉన్న డబ్బుకు బ్యాంకులు కట్టే వడ్డీలో 80 శాతం ఖాతాదారులకే పంచాలన్నారు. ఆ ఒక్క మార్పుతో కట్ట తెగింది. 2017 చివరికి రిజిస్టరైన ఏజెంట్లు లక్షా తొంభై వేలు దాటారు. ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే ప్రకారం 2014లో పెద్దవాళ్లలో 13 శాతం మందికే మొబైల్ మనీ ఖాతా ఉండేది. 2017కి అది 39 శాతం, 2021కి 60 శాతం. మధ్యలో బ్యాంకులే జనాన్ని ఇటు తరిమాయని కూడా చెప్పాలి. 2017 నుంచి రెండేళ్ల పాటు సాగిన ప్రక్షాళనలో బ్యాంకులు మూతపడ్డాయి. 2019 మే నెలాఖరున ఒక్కసారే 347 మైక్రోఫైనాన్స్ కంపెనీల లైసెన్సులు రద్దయ్యాయి. దాచుకున్న చోటే తాళం పడితే, గొడుగు కింద తెలిసిన ముఖమే నయమనుకోవడంలో వింత ఏముంది?

అప్పట్లో ఏజెంటును వెతకడమంటే ఇంకో చిక్కు ఉండేది. ఎదురైన ఏజెంటు చాలడు, మన నెట్‌వర్కు ఏజెంటే కావాలి. ఎంటీఎన్ వాడే కొడుకు, వొడాఫోన్ వాడే తల్లికి డబ్బు పంపితే అది ఆమె వాలెట్‌లోకి నేరుగా పడేది కాదు. ఒక టోకెన్ నంబరు వచ్చేది. ఆ నంబరు పట్టుకుని ఆమె పంపినవాడి నెట్‌వర్కు ఏజెంటు దగ్గరికి వెళ్లాలి. ఊళ్లో ఆ రంగు గొడుగు లేకపోతే పక్క ఊరికి ప్రయాణం. 2018 మే 10న అన్ని నెట్‌వర్కుల వాలెట్లనూ కలిపాక ఈ తిప్పలు తగ్గాయి. డబ్బు నేరుగా తల్లి వాలెట్‌కే వెళ్తుంది. నోట్లుగా మార్చుకోవడానికి మాత్రం ఆమె నెట్‌వర్కు సిమ్ ఉన్న ఏజెంటే ఉండాలి. అందుకే ఇప్పుడు ఏ బల్ల మీద చూసినా రెండు మూడు బటన్ ఫోన్లు, రబ్బరు బ్యాండు చుట్టినవి, పక్కపక్కన పెట్టి ఉంటాయి. ఏ ఫోనుకి ఏ నెట్‌వర్కో ఆ మనిషికి చూడకుండానే తెలుసు. కంపెనీల పేర్లూ మారుతూ వచ్చాయి. ఎయిర్‌టెల్, టిగో 2017లో కలిసిపోయి, తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్లి, 2023లో ఏటీ అయ్యాయి. వొడాఫోన్ 2024లో టెలీసెల్ అయింది. ఎండకు వెలిసిన గొడుగు మీద మాత్రం పాత పేరు ఉండిపోతుంది. దారి చెప్పేవాళ్లకు ఆ పాత పేరే గుర్తు.

దారి చెప్పడం దగ్గరే అసలు కిటుకంతా ఉంది. ఘనా పట్టణాల్లో మొదటి నుంచీ జంక్షన్లు, రౌండబౌట్లు, చర్చిలు, లారీ స్టేషన్లే గుర్తులు. క్వామె ఎన్‌క్రుమా సర్కిల్‌ని అక్రాలో అంతా 'సర్కిల్' అంటారు. ట్రోట్రో మేట్, అంటే కండక్టరు, తలుపులోంచి వేలాడుతూ "సర్క్ సర్క్ సర్క్" అని అరిస్తే ఎక్కేస్తారు. ఇలా కాదని 2017 అక్టోబరులో ప్రభుత్వం ఘనాపోస్ట్ జీపీఎస్ తెచ్చింది. దేశాన్నంతా అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గళ్లుగా కోసి, గడి గడికీ అక్షరాలూ అంకెలూ కలిపిన ఒక కోడ్ ఇచ్చారు. అక్రా కోడ్‌లు జీఏతో మొదలవుతాయి, కుమాసీవి ఏకేతో. ఇంటికైతే భేషుగ్గా పనికొస్తుంది. మోమో బల్ల సంగతి చూడండి. పొద్దున గోడ నీడలో ఉంటుంది, మధ్యాహ్నం వేపచెట్టు కిందికి జరుగుతుంది. అంటే అన్నం వేళకే అడ్రసు మారిపోయిందన్నమాట. మునిసిపాలిటీ వాళ్లు ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించిన రోజున బల్ల మొత్తం రోడ్డు అవతలికి పోతుంది. వారం తిరగ్గానే మళ్లీ ఇవతలికి వస్తుంది. ఏ జాబితా రాసేవాడు దీని వెంట పరుగెడతాడు?

పేర్లతో వెతుకుదామంటే అదో తంటా. ఘనాలో కొట్లకు దేవుడి మాటలే పేర్లు. 'దేవుడి కృప', 'దేవుడి వేళ', 'ఆయన దయ వల్ల' అంటూ ఇంగ్లీషులోనో ట్వి భాషలోనో ఉండి, చివర ఎంటర్‌ప్రైజ్ అని తగిలించి ఉంటుంది. మన దగ్గర శ్రీ వెంకటేశ్వర కిరాణా ఏదని అడిగితే ఏ వీధిదని చెప్తాం? దానికి తోడు ఏజెంటు సిమ్ తీసుకోవాలంటే వ్యాపారం రిజిస్టరు చేసిన కాగితం, గుర్తింపు కార్డు కావాలి. అవి ఉన్నవాళ్లు తీసుకుని తమ్ముడికో, జీతం మీద పెట్టుకున్న అమ్మాయికో అప్పగిస్తారు. రిజిస్టరైంది ఒక పేటలో, కూర్చునేది ఇంకో పేటలో. కంపెనీ లెక్కలో మొదటిదే ఉంటుంది.

ఇంతా చేసి గొడుగు దొరికినా పని అవుతుందన్న హామీ లేదు. ఏజెంటు పెట్టుబడి రెండు కుండల్లో ఉంటుంది. ఒకటి సొరుగులోని నోట్లు, రెండోది ఫోనులోని ఈ-క్యాష్. మీరు 500 సీడీలు (సీడీ ఘనా కరెన్సీ) తీసుకోవాలంటే, ఎంటీఎన్ అయితే మీ ఫోనులో *170# కొట్టి ముందు 'క్యాష్ అవుట్'కి అనుమతి ఇవ్వాలి. ఏజెంటు ఆవిడ తన ఫోనులో మీ నంబరు, మొత్తం కొడుతుంది. మీ తెర మీద పిన్ అడుగుతుంది. పిన్ కొట్టగానే మీ వాలెట్ సొమ్ము ఆమె వాలెట్‌కి పోతుంది, ఆమె సొరుగులో నోట్లు మీ చేతికి వస్తాయి. తర్వాత గీతల పుస్తకంలో పేరు, కార్డు నంబరు, మొత్తం, సంతకం. ఇలా పదిమంది తీసుకున్నాక సొరుగు ఖాళీ, ఫోను నిండుకుండ. కోకో పండే ఊళ్లలో అక్టోబరు తర్వాత రైతుల చేతికి డబ్బు అందే రోజుల్లో ఇదే జరుగుతుంది. అందరూ తీసేవాళ్లే. నగరం మార్కెట్‌లో దీనికి తలకిందులు. సాయంత్రానికి వ్యాపారులందరూ నోట్లు తెచ్చి వేయమంటారు, ఈ-క్యాష్ అయిపోతుంది. రెండు కుండలనూ సరిచేసుకోవడానికి ఏజెంటు బ్యాంకుకో పెద్ద ఏజెంటు దగ్గరికో పరుగెత్తాలి. ఆ గంటసేపు గొడుగు ఉంటుంది, మనిషి ఉండదు. అందుకే అక్కడివాళ్లు "ఏజెంటు ఎక్కడ" అని అడగరు, "ఆవిడ దగ్గర డబ్బుందా" అని అడుగుతారు. మ్యాపులో పెట్టిన చుక్క ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

పైగా చీకటి పడ్డాక నోట్ల కట్టతో రోడ్డు పక్కన కూర్చోవడం ప్రాణాల మీదికి వచ్చే పని. ఏజెంట్లను దోచుకున్న, కాల్చి చంపిన ఘటనలు చాలానే జరిగాయి. ఆ భయంతో పెందలాడే కట్టేసేవాళ్లు ఉన్నారు, ఇనుప చువ్వల డబ్బా కొట్లలోకి మారినవాళ్లు ఉన్నారు. మోసాలు పెరిగాయని 2021 ఏప్రిల్ 1 నుంచి ఎంటీఎన్ డబ్బు తీసేవాళ్లకు గుర్తింపు కార్డు తప్పనిసరి చేసింది. దాంతో కార్డు లేని ముసలివాళ్లకు, ముఖం చూసి ఇచ్చే తెలిసిన ఏజెంటు మరీ అవసరమయ్యాడు.

అదే ఏడాది నవంబరు బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి కెన్ ఒఫోరి-అట్టా ఈ-లెవీ ప్రకటించారు. ఎలక్ట్రానిక్‌గా పంపే డబ్బు మీద 1.75 శాతం పన్ను. డిసెంబరులో దీని మీద పార్లమెంటులో సభ్యులు కలబడి గుద్దుకున్నారు. చివరికి 1.5 శాతంగా 2022 మే 1న అమలైంది. రోజుకు 100 సీడీల దాకా మినహాయింపు. జనం కనిపెట్టిన విరుగుడు మాత్రం ఏజెంటు బల్ల దగ్గరే ఉంది. పన్ను పంపడం మీదే తప్ప, నోట్లు వేయడం మీదా తీయడం మీదా లేదు. కాబట్టి ఏజెంటుకు నోట్లిచ్చి, నేరుగా అవతలివాడి నంబరులో వేయించేవారు. ఇలా వేరేవాళ్ల నంబరులో వేయొద్దని కంపెనీలు మొత్తుకున్నా, రోజూ వచ్చే మనిషి అడిగితే కాదనడం ఎవరి తరం? పన్ను 2023 జనవరిలో ఒక శాతానికి దిగింది. 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు మహామా ప్రభుత్వం దాన్ని పూర్తిగా ఎత్తేసింది.

పన్ను పోయింది కానీ ఆ మూడేళ్లలో బిగిసిన అలవాటు అంత త్వరగా వదలదు. చాలా గొడుగుల మీద, డబ్బా కొట్ల తలుపుల మీద ఇప్పుడు పెద్ద అంకెలతో ఒక ఫోను నంబరు రాసి ఉంటుంది. అది రీచార్జికి కాదు. ఇంటి నుంచి బయల్దేరే ముందు ఫోను చేసి, "ఆంటీ, ఆరొందలు ఉన్నాయా?" అని అడగడానికి.