ఎనిమిది వేల గంటల తగవు

పది లక్షల కొత్త అప్రెంటిస్‌లు కావాలని 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాక అమెరికాలో పాత తగవు మళ్లీ లేచింది. లోహపు భాగాలను యంత్రాలపై కోసి తయారుచేసే మెషినిస్టు కావాలంటే షాపులో, అంటే వర్క్‌షాపులో, ఏళ్లు గడపాల్సిందేనా, పని వచ్చని చూపిస్తే చాలదా?

అప్రెంటిస్‌షిప్ ప్రమాణాలకు పునాది వేసిన 1937 ఫిట్జెరాల్డ్ చట్టాన్ని అలా ఉంచి నేరుగా 2008 అక్టోబరుకు వద్దాం. అంతవరకూ లెక్కంతా గంటల్లోనే. మెషినిస్టుకు మామూలుగా 8,000 గంటల పని, అంటే నాలుగేళ్లు. ఏడాదికి 144 గంటల క్లాసు. కమ్యూనిటీ కాలేజీ (స్థానికంగా ఉండే రెండేళ్ల కాలేజీ) వంతు ఆ క్లాసే: షాపు లెక్కలు, డ్రాయింగ్ చదవడం, టాలరెన్సులు (కొలతలో ఎంత తేడా ఉండొచ్చన్న హద్దులు). 2008లో కార్మిక శాఖ రూలు మార్చి, గంటలకు బదులు నైపుణ్యాన్ని కొలిచినా సరేనంది.

కాలేజీల వాదన సూటిగానే ఉంటుంది: ఏడాదిలో నేర్చుకున్నవాడిని నాలుగేళ్లు ఎందుకు కూర్చోబెట్టాలి? లోహపు పనిలో నైపుణ్య ప్రమాణాలు పెట్టే, 1995లో పుట్టిన నిమ్స్ సంస్థ పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. ఇచ్చిన జాబ్ (నమూనా భాగం) చేసి, కొలతలు నెగ్గి, రాత పరీక్ష పాసైతే చాలు.

ఫ్యాక్టరీకి కావలసిన డైలు, పనిముట్లు తయారయ్యే టూల్‌రూమ్‌లోని పాతకాపులు వేరేలా చెబుతారు. ప్రెస్‌లో రేకును కోసే పంచ్ కిందున్న అచ్చులోకి, అంటే డైలోకి, దిగుతుంది; దాని చుట్టూ క్లియరెన్స్ (ఖాళీ) సమానంగా ఉండాలి. పంచ్ కాస్త పక్కకు జరిగితే ముక్క అంచున ఒకవైపు బర్ (పదునైన గరుకు అంచు) ఎక్కువగా లేస్తుంది. దాన్ని వేలితో తడిమి, పంచ్ ఎటు జరిగిందో చెప్పగలగడమే టూల్‌మేకర్ పని. ప్రెస్ వేల ముక్కలు కొట్టాక, అంచు అరిగాక ఎదురయ్యే తంటా అది. పరీక్షకు చేసిన ఒక్క జాబ్‌లో కనిపించదు.

నిమ్స్ పుట్టిన ఆ 1995లోనే నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో యూరప్ మూలాలున్న కంపెనీలు సెంట్రల్ పీడ్‌మాంట్ కమ్యూనిటీ కాలేజీతో కలిసి ‘అప్రెంటిస్‌షిప్ 2000’ మొదలుపెట్టాయి. ఫీజు కంపెనీదే, జీతమూ ఇస్తుంది, చివర్లో డిగ్రీ. ఎవరూ తొందరపెట్టలేదు. నాలుగేళ్లు.

నైపుణ్యం ఒక్కటే కొలిచే దారిని మూసేసి, 2,000 గంటల పని, 144 గంటల క్లాసు అందరికీ తప్పనిసరి చేస్తామని కార్మిక శాఖ 2023 డిసెంబరులో ప్రతిపాదించింది. వ్యతిరేకత వచ్చింది. 2024 చివర్లో వెనక్కి తీసుకుంది.

కాబట్టి నేటికీ 2008 రూలే. షాపులో పని చేయించాలని అది అంటుంది, నైపుణ్యాన్ని కొలిచే దారిలో ఎన్ని గంటలో చెప్పదు. పని వచ్చిందో లేదో తేల్చేది అప్రెంటిస్ ప్రోగ్రాం నడిపే సంస్థ, అంటే స్పాన్సరే. కొన్నిచోట్ల ఆ స్పాన్సర్ కాలేజీయే.