ఆర్పగలిగే కాకిబంగారం

గూడూరు, సైదాపురం వైపు పెరిగినవాళ్లకు కాకిబంగారం కొత్త కాదు. మైకా రేకును గోటితో పొరలుపొరలుగా ఊడదీయడం మా చిన్నప్పటి ఆట. మొన్న ఇంట్లో పాత రేకు ఒకటి దొరికితే ఇంకో ఆట ఆడాను. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాస్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు తల పక్కకు వంచుతూ పోతే ఒకచోట తెర నల్లబడింది. తెర వెలుగు ఒకే దిశలో కంపిస్తుంది. ఆ కోణంలో అద్దం దాన్ని రానివ్వదు. మధ్యలో కాకిబంగారం పెట్టి కాస్త తిప్పితే, రేకున్నంత మేర వెలుగొచ్చింది! రేకు చేసిందల్లా ఆ కంపనం తీరు మార్చడమే.

బ్యాటరీతో పనిచేసే 3డీ కళ్లద్దాల కిటుకూ ఇదే.

రెండు కళ్లకూ కాస్త వేరువేరు బొమ్మలు చూపిస్తే లోతు కనిపిస్తుందని ఇంగ్లిష్ శాస్త్రవేత్త వీట్‌స్టన్ 1838లోనే చెప్పాడు. తెర ఒక్కటే కాబట్టి కుడి, ఎడమ బొమ్మల్ని వంతులవారీగా వేసి, వంతు కాని కన్ను మూయాలి. 1922లో న్యూయార్క్‌లో హామండ్ (తర్వాత ఆర్గాన్ వాయిద్యంతో పేరు తెచ్చుకున్నాయనే) ప్రతి కుర్చీకీ మోటారుతో తిరిగే మూత బిగించాడు. పాపం, అది నిలవలేదు.

ఇప్పుడు తిరిగే మూత లేదు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పోలరైజర్లు (ఒకే దిశ కంపనాన్ని రానిచ్చే పొరలు), మధ్యలో కొన్ని మైక్రాన్ల మందాన ద్రవ స్ఫటికం, అంటే ద్రవంలా కదులుతూనే అణువులు వరుసలో ఉండే పదార్థం. దాని అణువులు ఒక పోలరైజర్ వైపు నుంచి రెండో పోలరైజర్ వైపుకు మెలితిరిగి ఉంటాయి. వాటి వెంటే వెలుగు కంపనం కూడా 90 డిగ్రీలు తిరిగి బయటపడుతుంది. కరెంటు పెడితే అణువులు నిటారుగా లేస్తాయి, మెలిక పోతుంది, అద్దం నల్లబడుతుంది. అంటే ఇది స్విచ్చి ఉన్న కాకిబంగారం. టీవీ సెకనుకు 120 బొమ్మలు వేస్తే ఒక్కో కంటికి 60.

చిక్కల్లా తెరుచుకోవడంలో ఉంది. మూసేటప్పుడు కరెంటు తోస్తుంది. తెరిచేటప్పుడు అణువులు వాటంతట అవే పడుకోవాలి, ఆ పని నిదానంగా జరుగుతుంది. పైగా కదిలే ద్రవం వాటిని కాసేపు ఎదురు తిప్పుతుంది. 1980లలో అమెరికా కంపెనీ టెక్‌ట్రానిక్స్‌లో ఫిలిప్ బాస్ బృందం చేసిన ‘పై-సెల్’లో అణువుల వరుస విల్లులా వంగి ఉంటుంది. అందులో ద్రవం ఎదురు తిరగదు, అద్దం చప్పున తెరుచుకుంటుంది. నాకైతే మొత్తం కథలో ఇదే ముద్దొచ్చే ఘట్టం.

నెల్లూరులో ఒకసారి సినిమా మధ్యలో నా అద్దాల బ్యాటరీ అయిపోయింది. కరెంటు లేకపోతే మెలిక ఉంటుంది, మెలిక ఉంటే అద్దం తెరిచే ఉంటుంది. చీకటేమీ కాలేదు. “మామయ్యా, పులి మీదికొచ్చేసింది!” అని మా మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం పక్కపక్కన రెండు పులులు, రెండూ తెర మీదే.