షాక్‌వేవ్‌తో హార్మోన్లు పాడవుతాయా? కార్టిసాల్ రిపోర్టు పట్టుకొచ్చేవాళ్లకు

అపోహ: లిథోట్రిప్సీ (కిడ్నీలో రాయిని ఒంటి బయటి నుంచే షాక్‌వేవ్‌లతో ముక్కలు చేసే చికిత్స) చేయించుకుంటే ఒంట్లో కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్లు తలకిందులై, మళ్లీ దారికి రావు.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, ఇప్పుడు స్కాన్ కంటే ముందు కార్టిసాల్ రిపోర్టు తీసి చూపిస్తున్నారు. మొన్న ఒక అల్లుడుగారు మామగారి రిపోర్టులు రెండు బల్ల మీద పరిచి, "చూడండి మేడమ్, షాక్ ఇచ్చాక రెట్టింపు దాటింది" అని నిలదీశారు. పైన శాంపిల్ తీసిన టైము చూశాను. మొదటిది ముందురోజు సాయంత్రం 6కి, రెండోది ట్రీట్‌మెంట్ మర్నాడు పొద్దున 8కి. కార్టిసాల్ ఎవరికైనా పొద్దున్నే ఎక్కువ. సాయంత్రానికి సగానికో, అంతకంటే కిందికో దిగుతుంది. మామగారు ఇంట్లోనే కూర్చున్నా ఆ తేడా వచ్చేదే.

వాస్తవం: అసలు పెరగవని కాదు. నొప్పి, టెన్షన్ ఉన్నచోట అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి, పన్ను పీకించుకున్నా అంతే. బీపీ పట్టీ కట్టి పడుకోబెడతాం. మెషీన్ ఇంకా మొదలుపెట్టకుండానే 130 ఉన్న బీపీ 150 దాటుతుంది. అది షాక్ పనా, భయం పనా? నొప్పి మందు ఇచ్చి, తక్కువ శక్తితో మొదలుపెట్టి మెల్లగా పెంచితే చాలామంది కుదుటపడతారు, హార్మోన్లూ వాటంతటవే దిగుతాయి. అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

టెన్షన్ వల్ల అసలు నష్టం ఇంకోటుంది. గబగబా ఊపిరి తీస్తే కిడ్నీ పైకీ కిందికీ కదిలి, రాయి గురి తప్పుతుంది. మెషీన్ నిమిషానికి కొట్టే 60 నుంచి 90 దెబ్బల్లో కొన్ని వృథా అవుతాయి. భయపడొద్దని ఊరికే అంటే భయం పోతుందా? అందుకే అడిగినవాళ్లకు పాటలు పెడతాం. ఒక పెద్దావిడ మెషీన్ టకటకలాడుతుంటే పాత సినిమా పాటలు వింటూ కునుకే తీసింది.

హార్మోన్ల భయంతో వాయిదా వేసి కొండపిండాకు కషాయం తాగుతూ కూర్చునేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. నొప్పి తగ్గితే రాయి పోయిందనుకుంటారు. రాయి మూత్రనాళంలో అడ్డుపడితే కిడ్నీ ఉబ్బి, నొప్పి లేకుండానే పాడైపోవచ్చు. పైగా రాయినొప్పితో మెలికలు తిరిగిన రాత్రి ఇవే హార్మోన్లు పెరగలేదా?

మిగతావి గబగబా చెప్పేస్తాను. కరెంటు షాక్ కాదు, శబ్ద తరంగాలు. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి వాడారు. రాయి అప్పటికప్పుడు మాయం కాదు, ముక్కలు మూత్రంలో పడటానికి వారాలు పట్టొచ్చు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం మామూలే. గర్భిణులకు చేయరు. రక్తం పలచబడే మందులుంటే చెప్పండి, సొంతంగా ఆపకండి. చేయించుకున్నాక చలిజ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి వచ్చేయండి.