ఇరవై ముఖాల పాచిక: ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలపై అపోహలు - వాస్తవాలు

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. ఆయన ఒక లోకాన్ని వర్ణిస్తుంటే మిగిలినవారు ఆ లోకంలో తలో పాత్ర తీసుకుని, ఇప్పుడు ఏం చేయాలో నిర్ణయిస్తారు. ఫలితం ఎటైనా పోగలిగినచోట పాచిక వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. ఈ రకం ఆటలన్నిటికీ అదే మొదలు. మొదట అచ్చు వేసినవి వెయ్యి పెట్టెలే. ఒక్కో పెట్టెలో మూడు సన్నటి పుస్తకాలు ఉండేవి.

తిరుపతిలో ఈ ఆటలు చాలా ఏళ్లుగా ఆడుతున్నాను, ఆడిస్తున్నాను. పాతవీ ఇష్టమే, కొత్తవీ ఇష్టమే. కొత్తగా వచ్చేవారి నుంచీ, వారి ఇంట్లోవారి నుంచీ, బాగా ఆడినవారి నుంచీ కూడా కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. వాటికి సమాధానాలు ఒకచోట ఉంటే మంచిదనిపించింది.

అపోహ: నటన రావాలి, ఇంగ్లీషు దంచి కొట్టాలి.

వాస్తవం: రెండూ అక్కర్లేదు. “నా పాత్ర తలుపుకు చెవి ఆనించి వింటుంది” అంటే చాలు, ఆట ముందుకు సాగుతుంది. గొంతు మార్చి మాట్లాడేవారు ఉంటారు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ అది నియమం కాదు. మన గంగ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టి వీధుల్లో తిరిగేవారంతా రంగస్థల నటులా? వేషం కట్టినవాడు తన నడకే నడుస్తాడు. అయినా ఆ రోజుకు ఊరికి అతను బైరాగే. ఇక భాష సంగతి. నియమాల పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్న మాట నిజమే. వాటిని చదవాల్సింది ముఖ్యంగా గేమ్ మాస్టర్. మా బల్ల దగ్గర ఆటంతా తెలుగులోనే నడుస్తుంది. వాదులాటలైతే మరీ తెలుగులో.

అపోహ: పాత ఆటలంటే కనిపించినదాన్నల్లా నరకడమే. కథ కొత్త ఆటల్లోనే ఉంటుంది.

వాస్తవం: ఇది అనుభవజ్ఞుల నోటి నుంచి కూడా వస్తుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బేసిక్ పుస్తకం తెరిచి లెక్కలు చూడండి. ఒక గోబ్లిన్‌ను (పొట్టి రాక్షసిని) ఓడిస్తే వచ్చే అనుభవం 5 పాయింట్లు. ఒక బంగారు నాణెం భద్రంగా బయటికి తెస్తే 1 పాయింటు. యోధుడు రెండో స్థాయికి ఎక్కాలంటే 2,000 పాయింట్లు కావాలి. ఒక్కడే, గోబ్లిన్‌లను చంపుతూనే ఎక్కాలంటే 400 గోబ్లిన్‌లు. మరోవైపు మొదటి స్థాయి మాంత్రికుడి ప్రాణబలాన్ని, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలడన్నదాన్ని, నాలుగు ముఖాల పాచిక తేలుస్తుంది. గోబ్లిన్ దెబ్బకు ఆరు ముఖాల పాచిక వేస్తారు. ఆ మాంత్రికుడు కత్తి పోటును ఎదుర్కోవడం తెలివైన పనేనా? పోరాటం ప్రమాదమనీ, ఖజానాయే లాభమనీ నియమాలే చెబుతున్నాయి. అది అర్థమైన ఆటగాళ్లు దొంగచాటుగా వెళ్తారు, బేరమాడతారు, అవసరమైతే పారిపోతారు.

ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. చాలామంది దాన్ని చదివి కూడా వాడకుండా వదిలేస్తారు. ఎదురుపడిన ప్రాణి ఎలా స్పందిస్తుందో గేమ్ మాస్టర్ ముందే తేల్చుకోకపోతే రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు. మొత్తం 2 వస్తే వెంటనే దాడి. 3 నుంచి 5 వరకు శత్రుభావం. 6 నుంచి 8 వరకు ఎటూ తేలని స్థితి. 9 నుంచి 11 వరకు దాడి ఉండదు. 12 వస్తే స్నేహం. తప్పనిసరి దాడికి అవకాశం 36లో 1 మాత్రమే.

మా ఆటలో చంద్రగిరి కోటను పోలిన ఒక కోట ఉంది. రాజమహల్ కింద నేలమాళిగ ఉన్నట్టు నేనే కల్పించాను. అక్కడ ఆటగాళ్లకు ఆరుగురు బందిపోట్లు ఎదురయ్యారు. పాచికలు వేస్తే 5, 4 పడ్డాయి. మొత్తం 9. దాడి లేదు. మరి వీళ్లు అక్కడ ఎందుకున్నట్టు? అప్పటికప్పుడు ఆలోచించాను: వాన నీరు నిండి వెనక దారి మూసుకుపోయింది, రెండు రోజులుగా తిండి లేదు. దొంగ పాత్ర వేసిన అమ్మాయి, “అన్నా, మా దగ్గర ఎన్ని పూటల తిండి ఉంది?” అని అడిగి, సగం వాళ్లకిచ్చి, బదులుగా ఖజానా గది దారి చెప్పించుకుంది. కత్తి దూయలేదు. ఆ నేలమాళిగ ఆట మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి ఊపిరి పోసింది ఒక పాత పట్టిక.

అపోహ: పాత ఆటలే అసలైనవి, కొత్తవి ఆటగాళ్లను ముద్దు చేస్తాయి.

వాస్తవం: ఇదీ అంతే అన్యాయమైన మాట. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లోనూ పాచికలు రెండే. 10 లేదా అంతకన్నా ఎక్కువ పడితే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 వరకు పడితే జరుగుతుంది గానీ దానికి ఏదో ఒక మూల్యం చెల్లించాలి. 6 లేదా అంతకన్నా తక్కువ పడితే గేమ్ మాస్టర్ చేతికి చిక్కినట్టే. అదనపు అంకె ఏదీ కలపకపోతే మూల్యంతో కూడిన విజయానికి అవకాశం 36లో 15, పూర్తి విజయానికి 36లో 6. ముద్దు చేసే ఆట అంకెలు ఇలా ఉండవు. 2023లో కెల్సీ డియోన్ తెచ్చిన ‘షాడోడార్క్’ మరీ గట్టిది. అందులో కాగడా మన గోడ గడియారం ప్రకారం ఒక గంట మండి ఆరిపోతుంది. 1981 పుస్తకంలోనూ కాగడా గంటసేపే మండుతుంది. కాకపోతే అది ఆటలోని గంట, పది నిమిషాల వంతులు ఆరు లెక్కపెట్టాలి. పాతదాని ఆలోచననే కొత్తది మరింత బిగించింది. నాకైతే ఆ బిగింపు చాలా ఇష్టం. ఫోనులో టైమర్ పెట్టగానే అనవసరపు చర్చలు వాటంతటవే ఆగిపోతాయి.

అపోహ: పాత లెక్కలు తలనొప్పి.

వాస్తవం: ‘థాకో’ పేరు చెబితేనే జడిసేవారున్నారు. కవచం అంకె సున్నా ఉన్న శత్రువును కొట్టడానికి పాచిక మీద పడాల్సిన అంకే థాకో. థాకో 15 ఉన్న యోధుడు, కవచం అంకె 4 ఉన్న శత్రువును కొట్టాలంటే 15లోంచి 4 తీసేస్తే 11. ఇరవై ముఖాల పాచిక మీద 11 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి. 2000 సంవత్సరంలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడో ఎడిషన్ ఈ అంకెలను తిరగేసింది. అదే యోధుడికి కలుపుకునే అంకె 5, అదే శత్రువు కవచం 16. అప్పుడూ పాచిక మీద పడాల్సింది 11. కూడికకు అలవాటుపడినవారికి తీసివేత కొత్తగా ఉంటుంది, అంతే.

అపోహ: అంతా పాచిక చేతిలో ఉంది, ఇది అదృష్టం ఆట.

వాస్తవం: పాచికను ఎప్పుడు వేయాల్సి వస్తుందన్నది ఆటగాడి చేతిలో ఉంది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో పరిస్థితి అనుకూలంగా ఉంటే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటారు. 11 పడాల్సినచోట గెలిచే అవకాశం 50 శాతం నుంచి 75 శాతానికి పెరుగుతుంది. కానీ 20 పడాల్సినచోట 5 నుంచి 9.75కే చేరుతుంది. అంటే ఈ అనుకూలత ఎక్కువ పనికొచ్చేది అసాధ్యమైన పనుల్లో కాదు, సగం సగంగా ఉన్న పనుల్లో. ఈ సంగతి తెలిసినవాడు ఎత్తు మీదికి ఎక్కడం, చీకట్లో పొంచి ఉండడం లాంటి ఏర్పాట్లను సరైనచోట చేసుకుంటాడు.

అపోహ: మంత్రాలు, రాక్షసులు ఉన్నాయి కాబట్టి ఇది క్షుద్ర వ్యవహారం.

వాస్తవం: 1980లలో అమెరికాలోనూ ఇదే భయం చాలా ఇళ్లలో ఉండేది. పుస్తకంలోని మంత్రాలు ఆటలో వాడే నియమాలు, ఉచ్చరించే మంత్రాలు కావు. ఇంట్లో పెద్దవారికి అనుమానం ఉంటే ఒక పూట వచ్చి పక్కన కూర్చోమనండి. అయితే ఒక విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. 1980లో వచ్చిన ఒక అధికారిక పుస్తకం ఇతర పురాణాలతో పాటు మన దేవతలకూ ప్రాణబలం అంకెలు వేసింది. రోజూ పూజించే దేవుళ్లను నేను నా ఆటలోకి తీసుకురాను. కోటలు, అడవులు, పాలెగాళ్లు, తలకోన లాంటి జలపాతాలు ఉండగా కథకు కొరత లేదు.

అపోహ: ఖర్చెక్కువ, మనుషులు దొరకరు.

వాస్తవం: ‘బేసిక్ ఫాంటసీ’, ‘కెయిర్న్’ నియమాలు ఉచితంగా దొరుకుతాయి. ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. తోడు దొరకకపోతే ఒంటరిగా ఆడుకోవడానికి ‘ఐరన్‌స్వోర్న్’ ఉంది, అదీ ఉచితమే. పాచికలు లేకపోయినా పర్వాలేదు. 1970ల చివర్లో పాచికలకు కొరత వచ్చినప్పుడు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కంపెనీయే పెట్టెలో అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టి అమ్మింది. 1 నుంచి 20 వరకు చీటీలు రాసి గ్లాసులో వేసి తీయండి, తీసినదాన్ని మళ్లీ గ్లాసులో వేసి కలపడం మరవకండి. వచ్చే ఆదివారానికి గళ్ల కాగితం మీద ఐదారు గదుల నేలమాళిగ గీసుకోండి. ఒక గదిలో ఖజానా, ఒక గదిలో ఉచ్చు, ఇంకో గదిలో మాట్లాడగలిగే ప్రాణి ఏదైనా ఉంటే మొదటి పూటకు సరిపోతుంది.